నెబుకద్నెజరు ఇటుక, దీనమ్మ గుప్పెడు మట్టి

కువైట్ వెళ్ళొచ్చిన వాళ్ళను మా వైపు రెండే ప్రశ్నలు అడుగుతారు. బంగారం ఎంత తెచ్చావు? సెంటు సీసాలు ఎన్ని తెచ్చావు? నేను మట్టి తెచ్చానని చెప్పాను. మా ఎదురింటావిడ నోరు వెళ్ళబెట్టి, ఆ తర్వాత వీధంతా తిరిగి "రిటైరయ్యాక టీచరమ్మకి బుర్ర తిరిగిందమ్మా" అని చెప్పుకొచ్చిందట. చెప్పుకోనీండి. నా బుర్ర తిరిగిన మాట నిజమే, కానీ రిటైరయ్యాక కాదు, ఈ యాత్రలో.

ముప్ఫై ఏళ్ళ పాటు హైస్కూల్లో సోషల్ చెప్పాను. సుమేరు, అక్కదు, బాబిలోనియా, కల్దీయ. నల్లబల్ల మీద రెండు వంకర గీతలు గీసి ఇది టైగ్రిస్, ఇది యూఫ్రటీస్ అనేదాన్ని. నాగరికతలు నదీ తీరాల్లో పుట్టాయని పిల్లల చేత వల్లె వేయించాను. ఆ నదుల మొహం నేనూ చూడలేదు, పిల్లలూ చూడలేదు, పాఠం రాసినవాడు చూశాడో లేదో దేవుడికి తెలియాలి. మా చెల్లెలి కూతురు స్వర్ణ కువైట్‌లో నర్సు. "రా పెద్దమ్మా, రెండు నెలలుండి వెళ్ళు" అని పిలిస్తే ముందు పటం తీసి చూశాను. సుమేరు రాజుల రాజధాని, 'ఊరు' అనే పేరున్న నగరం, ఇరాక్‌లోదే అయినా కువైట్ నుంచి ఎంతో దూరం లేదు. రాజమండ్రి నుంచి గుంటూరు దాటి ఇంకాస్త వెళ్ళినంత.

"నీకేమైనా పిచ్చా పెద్దమ్మా?" అంది స్వర్ణ ఫోన్లో. "యుద్ధమై ఎన్నాళ్ళయిందని? అటు మిలిటరీ బళ్ళు తప్ప ఏవీ పోవు. ఇక్కడే ఒక దీవి ఉంది, పాత దిబ్బలున్నాయంట, అది చూపిస్తాలే."

ఆశపడ్డది పరమాన్నానికి, దొరికింది గంజి. సరే, గంజైనా తాగొద్దామని బయల్దేరాను.

మహబూలా

స్వర్ణ పనిచేసే క్లినిక్ ఫహాహీల్‌లో, ఉండేది మహబూలాలో. సముద్రం కూతవేటు దూరంలో ఉంది గానీ కిటికీ తెరిస్తే కనిపించేది ఎదుటి మేడ మీద ఆరేసిన లుంగీలు. ఒక ఫ్లాటులో నలుగురు నర్సులు. లిఫ్టులో మలయాళం, మెట్ల మీద బెంగాలీ, కింద కొట్లో హిందీ. మన తెలుగు మాత్రం బాల్కనీల్లో ఫోన్లు పట్టుకుని గట్టిగా అరుస్తున్నప్పుడే వినిపిస్తుంది.

మంచినీళ్ళ కంటే పెట్రోలు చవక. రొట్టెలు పొయ్యి దగ్గర నిలబడి కొనుక్కుంటే చెయ్యి కాలేంత వేడిగా, దాదాపు ఊరికే ఇచ్చినట్టు ఇస్తారు. గోంగూర కట్ట ధర విన్నాక మాత్రం నేను ఆ కట్టను మళ్ళీ అక్కడే పెట్టేశాను. ప్రతి వస్తువునూ రూపాయల్లోకి మార్చి గొణుక్కుంటుంటే స్వర్ణ కసిరింది. "గుణించడం మానెయ్ పెద్దమ్మా. గుణిస్తే ఇక్కడ ముద్ద దిగదు."

వాళ్ళ బాల్కనీలో ఒక పెయింటు డబ్బాలో మాత్రం గోంగూర ఏపుగా పెరిగి ఉంది. ఎవరిదే అంటే "దీనమ్మక్కది" అంది. "వాళ్ళ మామా ఇంట్లో పెట్టనివ్వదు. అందుకని ఇక్కడ పెట్టుకుంది. శుక్రవారం వస్తుంది, చూద్దువుగాని."

మామా అంటే మనకు మేనమామ. అక్కడ ఇంటి యజమానురాలు. పనిచేసే ఆడవాళ్ళందరూ ఆవిడను అలాగే పిలవాలి. ఆవిడ వయసు పనిమనిషి కూతురి వయసైనా సరే.

శుక్రవారం స్వర్ణ వాళ్ళ హాల్లో తెలుగు వాళ్ళ ప్రార్థన. చాపలు పరిచి, సోఫాలు గోడకు నెట్టి, ముప్ఫైమంది దాకా ఇరుక్కుని కూర్చుంటారు. దీనమ్మ అందరికంటే ముందు వచ్చింది. యాభై దాటిన మనిషి. వచ్చీ రాగానే బాల్కనీలోకి వెళ్ళి డబ్బాలో వేలు పెట్టి తడి చూసుకుని, అప్పుడు నా దగ్గరికొచ్చింది.

"వందనాలండి టీచరుగారు. మాది రాజోలు పక్కనండి. మీరు రాజులు గురించి చదువు చెప్పారంట కదండీ? నెబుకద్నెజరు రాజుగారు ఈ పక్కలవారేనంటండీ?"

ముప్ఫై ఏళ్ళలో నెబుకద్నెజరుకు 'గారు' తగిలించిన మనిషిని చూడలేదు. నవ్వొచ్చింది. ఆయన బబులోను వాడనీ, కల్దీయుల రాజనీ, ఇక్కడికి దగ్గర్లోని ఫైలకా దీవిలో ఆయన పేరు చెక్కిన రాయి ఒకటి దొరికిందనీ చెప్పాను. దీనమ్మ రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది.

"ఆయ్! అయితే ఇది కల్దీయుల దేశపు నేలేనన్నమాట. అబ్రాహాముగారు పుట్టిన దేశం."

"అంత తిన్నగా కాదు దీనమ్మా. ఆ దేశపు అంచు అనుకో. ఆ దీవిని పూర్వం దిల్మును అనేవాళ్ళు. సుమేరు వాళ్ళకది పుణ్యభూమి."

"పుణ్యభూమేగా, చాలండి" అంది.

ఆ రోజు భోజనాలయ్యాక, గిన్నెలు కడుగుతూ తన సంగతి చెప్పింది. కిందటేడు ఆమె భర్త యాకోబు పోయాడు. ఆ వారం ఇక్కడ మామా ఇంట్లో పెళ్ళి. పంపలేదు. సమాధి చేసేటప్పుడు మరిది సామేలు ఫోను గొయ్యి మీద పట్టుకున్నాడట.

"పారల సప్పుడు విన్నానండి. పాట విన్నాను. అందరూ గుప్పెడేసి మన్నేశారండి, ఆ సప్పుడూ విన్నాను. నేనెయ్యలేదు." గిన్నె రుద్దడం ఆపలేదు. "ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి గుప్పెడు మన్నెయ్యలేకపోయేనండి ఆయనకి. ఊళ్ళో పరాయోళ్ళేశారు."

ఇప్పుడు సెలవు దొరికింది. ఈస్టరుకు ముందే ప్రయాణం. మా గోదావరి జిల్లాల్లో క్రైస్తవులు ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్తారు. ముందే సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, పోయినవాళ్ళ పక్కన కూర్చుని పాడతారు. ఆ తెల్లవారుజామున తానూ అక్కడ ఉండాలి. తన చేత్తో ఆ గుప్పెడు మట్టీ వెయ్యాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే. సమాధి కట్టడానికి ఇక్కణ్ణుంచే డబ్బు పంపేసింది. నల్లరాతి పలక, దాని మీద యాకోబు పేరు, కింద 'భార్య దీనమ్మ కట్టించినది' అని. మరిది చూసుకుంటున్నాడు.

"రాయి మీద పేరుంటే నేనొచ్చినట్టే కదండీ? ఆయనకి తెలుత్తుంది."

తెలుస్తుందన్నాను. ఇంకేమంటాను?

అల్ రాయ్

ప్రార్థన అయిన సాయంత్రం దీనమ్మను వాళ్ళింటి దగ్గర దింపే వ్యానులో నేనూ ఎక్కాను. డ్రైవరు గంగారాం, జగిత్యాల మనిషి. వారమంతా అల్ రాయ్‌లో ఒక వర్క్‌షాపులో పని, శుక్రవారం మాత్రం మన వాళ్ళను తిప్పుతాడు. దారిలో ఆగి దీనమ్మ డబ్బాకి మట్టి కొనాలంది.

మట్టి కొనడమేమిటని నేను నవ్వాను. నవ్వితే నవ్వాను గానీ, అల్ రాయ్‌లో మొక్కల అంగళ్ళ వరస చూశాక నోరు మూతబడింది. కార్ల షెడ్లు, గోడౌన్లు దాటాక గులాబీలు, మల్లెలు, నిమ్మచెట్లు. వాటి ముందర ప్లాస్టిక్ సంచుల్లో మట్టి. బొమ్మలేసి, ధర చీటీ అంటించి, సిమెంటు బస్తాల్లా పేర్చారు.

"గీడ మన్ను గూడ కొనుక్కోవాలె మేడం" అన్నాడు గంగారాం. "ఇసుకల ఏం మొలుస్తది? గిది హాలండ్‌కెల్లి వస్తదంట."

"హాలండ్ నుంచి మట్టా!"

"మరేందనుకున్నరు? నాకు ఊర్ల రెండెకరాలున్నది. ఆ మన్ను వానకు ఎదురుచూసుకుంట పడున్నది, నేనీడ పరాయోల్ల మన్ను మోస్తున్న. ఎవనికి చెప్పుకుందుము?"

దీనమ్మ కొనుక్కున్న చిన్న సంచీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గంగారాం వెనక పెడతానన్నా ఇవ్వలేదు. మట్టిని అపురూపంగా, సొంత సొమ్ములా పట్టుకున్న మనిషిని చూడడం నాకదే మొదలు. మా ఇళ్ళల్లో మట్టి అంటే తుడిచి అవతల పారేసేదేగా.

మ్యూజియంలో ఖాళీ అరలు

మధ్యలో ఒక రోజు స్వర్ణ నన్ను నగరంలో మ్యూజియంకి తీసుకెళ్ళింది. దీవిలో దొరికిన ముద్రలున్నాయి. గుండ్రంగా, పావలా బిళ్ళంత. కొమ్ముల కిరీటం పెట్టుకున్న దేవుళ్ళు, జింకలు, గొట్టంతో కుండలోంచి సారా తాగుతున్న మనుషులు. నాలుగు వేల ఏళ్ళ కిందటి వర్తకులు మూటల మీద వేసుకున్న గుర్తులవి. గాజు అరలు కొన్ని మాత్రం ఖాళీగా ఉన్నాయి. ఇరాక్ ఆక్రమణలో దోచుకుపోగా, తగలబెట్టగా మిగిలినవే ఇవన్నీ అన్నాడు అక్కడి కాపలా మనిషి.

ఇరాక్‌ను ఏలుతూ ఈ ఆక్రమణ చేయించిన పెద్దమనిషి గురించి నాకు ఒక్కటి తెలుసు. తానే రెండో నెబుకద్నెజరునని మురిసిపోయి, బబులోను గోడలు మళ్ళీ కట్టించి, ఇటుకల మీద తన పేరు అచ్చు వేయించుకున్నాడు. పాత నెబుకద్నెజరు కూడా అంతే. లక్షల ఇటుకల మీద తన పేరూ, తన తండ్రి పేరూ కొట్టించాడు. దొందూ దొందే. ఇద్దరిలో ఒక్కడూ మట్టి తొక్కి ఉండడు, ఆవం దగ్గర పొగ పీల్చి ఉండడు. పాఠాలు చెప్పే రోజుల్లో ఆ ఇటుకల సంగతి చెప్పి "ఎంత ముందు చూపో చూడండర్రా, చరిత్రకు ఆధారం మిగిల్చాడు" అనేదాన్ని. ఇప్పుడా మాట తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఫైలకా దీవి

మూడో శుక్రవారం ప్రార్థన దీవిలోనే పెట్టుకున్నారు. వ్యాన్లలో రేవుకి, అక్కణ్ణుంచి ఫెర్రీలో గంటకు పైగా. పులిహోర, కోడివేపుడు, దోసకాయ పచ్చడి డబ్బాలు. గాలికి ఒకరి కొంగు ఒకరి మొహాన కొడుతుంటే, గంగారాం రెయిలింగు పట్టుకుని వాంతి ఆపుకుంటూ నావైపు జాలిగా చూశాడు.

"గీ మన్ను దిబ్బలు సూడనీకి ఆంధ్రకెల్లి వచ్చిన్రా మేడం? మా ఊరికి రాకపోయిన్రు, బొచ్చెడు సూపిద్దును."

నిజం చెప్పాలంటే దిబ్బలే. గ్రీకుల కోట పునాదులు నడుం ఎత్తు లేవు. దిల్మును కాలపు గుడి అని బోర్డు పెట్టిన చోట గోడ మొదళ్ళు, చుట్టూ తాడు. దేవుడి కోసం ఓడల మీద రాగి తెచ్చి పోసిన చోట ఇప్పుడు ఒంటె పెంట. బోర్డులు అరబీలో, ఇంగ్లీషులో. ఏమీ ముట్టుకోవద్దని నేను చదివి అందరికీ తెలుగులో చెప్పాను. ఆ దిబ్బలకంటే పక్కనున్న ఈ కాలపు ఊరే నా గుండె పట్టేసింది. ఆక్రమణలో సైనికులు దీవి జనం మొత్తాన్ని ఖాళీ చేయించారట. వాళ్ళు మళ్ళీ తిరిగి రాలేదు. తూటాల బెజ్జాలు పడిన ఇళ్ళు, తలుపుల్లేని బడి, గోడ మీద సగం చెరిగిన ఎక్కాల పట్టిక. నాలుగు వేల ఏళ్ళ కిందటి గుడికి తాడు కట్టి కాపలా పెట్టారు. నిన్నమొన్నటి ఇళ్ళలోకి మేకలు వెళ్ళొస్తున్నాయి.

నీడ చూసుకుని కూర్చుని తిన్నాం. రాజుల కథలు చెప్పమన్నారు. సుమేరు వాళ్ళ జాబితాలో మొదటి రాజు ఇరవై ఎనిమిది వేల ఏళ్ళు ఏలాడని రాసుకున్నారని చెప్తే గంగారాం, "గట్లయితే పింఛన్ ఎప్పుడిచ్చిన్రు?" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత ఊరు నగరంలో రాణి సమాధి గురించి చెప్పాను. రాణి పోతే ఆమెతో పాటు పరిచారికలను వరసగా పడుకోబెట్టి సమాధి చేశారు. తల మీద బంగారు ఆకులు, చేతుల్లో కప్పులు. అవతల లోకంలో ఆవిడకు సేవ చెయ్యాలిగా మరి. రాణి పేరు ముద్ర మీద దొరికింది.

దీనమ్మ ముద్ద చేతిలోనే ఉంచుకుంది. "ఆ ఆడపిల్లల పేర్లు దొరికాయాండీ?"

"లేవు."

"ఇళ్ళకి కబురెట్టారంటారా?"

ఇన్నేళ్ళూ ఈ పాఠం చెప్పాను. ఏ తరగతిలోనూ ఏ పిల్లా ఆ ప్రశ్న అడగలేదు. నాకూ తోచలేదు. ఆ రాత్రి వాళ్ళ అమ్మలు గుమ్మంలో కూర్చుని ఎదురు చూశారా అని ఏ తవ్వకంలో తేలుతుంది?

భోజనాలయ్యాక పాటలు మొదలుపెట్టారు. దీనమ్మ లంచ్ బాక్సు కడుక్కొస్తానని లేచింది. పాట సగంలో ఉండగా కేకలు వినిపించాయి.

తాడు అవతల, గుడి గోడ మొదట్లో దీనమ్మ మోకాళ్ళ మీద ఉంది. ఆమె స్టీలు డబ్బా కాపలా మనిషి చేతిలో ఉంది. ముసలాయన, ఈజిప్టు వాడు. చెడ్డవాడేం కాదు. "లేష్, ఉమ్మీ, లేష్?" అంటున్నాడు. ఎందుకమ్మా, ఎందుకు అని. డబ్బాలో గుప్పెడు మట్టి. ఆయన వేలితో కదిపాడు. మట్టిలోంచి బొటనవేలి గోరంత పెంకు ముక్క, ఏదో గీతతో సహా పైకి తేలింది. అది చూశాక ఆయన మొహం మారిపోయింది. రేడియోలో ఎవరినో పిలిచాడు.

"ముట్టుకోవద్దన్నాను కదే!" అని అరిచాను. భయంతో అరిచాను, కోపంతో కాదు.

"వస్తువులు ముట్టుకోవద్దన్నారండి" అంది దీనమ్మ. "మన్ను వస్తువేంటండీ? అబ్రాహాముగారి దేశపు మన్ను, మా ఆయన మీద వేద్దామని. గుప్పెడండీ. గుప్పెడే."

వాళ్ళకదెలా చెప్పను? రేవు దగ్గర గదిలో యూనిఫారం వేసుకున్న కుర్ర ఆఫీసరు దీనమ్మ బతాకా, అంటే గుర్తింపు కార్డు, బల్ల మీద పెట్టుకున్నాడు. స్వర్ణ అరబీలో బతిమాలింది. నేను ఇంగ్లీషులో సమాధి సంగతి, మా ఆచారం సంగతి చెప్పాను. హిస్టరీ టీచర్ని అని కూడా చెప్పాను. అదేదో పనికొస్తుందనుకున్నాను.

అతను ఓపికగా విన్నాడు. "టీచర్, నేను మీ దేశం వచ్చి తాజ్‌మహల్ రాయి సంచీలో వేసుకుంటే మీరు ఊరుకుంటారా?"

ఊరుకోం. నిజమే. కానీ గడ్డి కోసం దూడ కంచె దాటితే దొంగ అనరుగా. ఆ మాట ఇంగ్లీషులో నాకు రాలేదు. తెలుగులో గొణుక్కున్నాను.

కేసేమీ పెట్టలేదు. దీనమ్మ కఫీల్‌కు, అంటే ఆమెను ఉద్యోగంలో పెట్టుకుని పూచీపడిన ఇంటాయనకు, ఫోను చేశారు. ఫెర్రీ అవతలి రేవుకి ఆయన కొడుకు తెల్లటి కారులో వచ్చి, సంతకం పెట్టి, ఆమెను ఎక్కించుకుపోయాడు. డబ్బా తిరిగిచ్చారు. ఖాళీది, తుడిచి మరీ.

ఆ ఇల్లు

రెండు రోజుల తర్వాత స్వర్ణా నేనూ వెళ్ళాం. పెద్ద ఇల్లు. మామా ఎంతో మర్యాదగా ఎదురొచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో. ఖర్జూరాలు, యాలకుల కాఫీ, తర్వాత టీ. కాలేజీ చదివే కూతురు ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. టీ పళ్ళెం తెచ్చింది దీనమ్మే. నా ముందు కప్పు పెట్టింది. తలెత్తలేదు. నేను "దీనమ్మా" అన్నాను. కప్పు చెవి నావైపు తిప్పి, వెళ్ళిపోయింది.

"దీనా మా ఇంట్లో మనిషి లాంటిది" అంది మామా. "నా పిల్లల్ని పెంచింది. మేము కొట్టం, తిట్టం. అడగండి కావాలంటే."

"అయితే సెలవు ఇవ్వండి. ఇచ్చిన మాటే కదా" అన్నాను.

"మా ఆయన పేరు అక్కడ కాగితం మీద రాశారు. ఇన్నేళ్ళలో మా ఇంటి పేరు ఏ స్టేషన్‌లోనూ పడలేదు. ఆయనకు చాలా అవమానమైంది. పాస్‌పోర్టు ఆయన దగ్గర ఉంది. ఈ ఏడు ఖలాస్. వచ్చే ఏడు ఇన్షా అల్లాహ్ చూద్దాం."

"ఆమె భర్త సమాధి. ఆమె ఒక్కసారీ చూడలేదు."

కూతురు మార్చి చెప్పింది. మామా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, నేను చూశాను. గుండె మీద చెయ్యి పెట్టుకుని ఆయన ఆత్మకు శాంతి కోరింది. ఇంకో ఖర్జూరం తినమంది. మాట మాత్రం మార్చలేదు. ఏడ్చే మనసు ఉండి కూడా వదలని చెయ్యిని ఏమనాలో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

గేటు దాటాక స్వర్ణ మీద విరుచుకుపడ్డాను. ఇదేం దేశం, ఇదేం పద్ధతి అని. "నా మీద అరవకు పెద్దమ్మా" అంది. "రెండు నెలలకు వచ్చినదానివి నువ్వు. నేను రేపు డ్యూటీకెళ్ళాలి."

నేను బయల్దేరే ముందు రోజు స్వర్ణ ఫోనుకి దీనమ్మ చేసింది. శుక్రవారాలు కూడా పంపడం లేదట. గొంతు తగ్గించి మాట్లాడింది.

"టీచరుగారూ, బాల్కనీలో నా గోంగూర డబ్బా ఉంది కదండీ. గోంగూర పీకేసి పప్పులో వేసుకోండి. ఆ మట్టి మాత్రం పట్టుకెళ్ళండి. అది నేను కొన్నదండి, చీటీ కూడా ఉంది. ఎవరూ ఏమీ అనరు. మా ఆయన మీద వెయ్యండి. నా చేత్తో వేసినట్టే. రోజూ వేలెట్టి చూసుకున్న మట్టేగా అది."

గోంగూర పీకాను. పప్పు వండుకుని నలుగురు నర్సులూ నేనూ తిన్నాం. పుల్లగా, బాగుంది. తింటూ ఎవరం మాట్లాడలేదు. మట్టిని రెండు సంచుల్లో కట్టి పెట్టెలో అడుగున పెట్టుకున్నాను. ఆ దీవిలో గుప్పెడు మట్టికి మనిషిని నిలబెట్టారు. ఇంత మట్టి పెట్టెలో వేసుకుని దిగితే మన విమానాశ్రయంలో ఏమిటిదని అడిగినవాడు లేడు. సెంటు సీసాలున్నాయా అని మాత్రం ఒకాయన నవ్వుతూ అడిగాడు.

రాజోలు

వచ్చిన వారానికే వెళ్ళాను. సమాధుల తోట కాలవ గట్టున ఉంది. సామేలు మోటారు సైకిలు మీద వచ్చి నన్ను స్వయంగా తీసుకెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. సమాధి బాగానే కట్టించాడు, తెల్ల టైల్సు, తల దగ్గర నల్లరాయి. దగ్గరికెళ్ళి చదివాను.

పైన యాకోబు పేరు. పుట్టిన తేదీ, పోయిన తేదీ. దాని కింద, అంతకు రెట్టింపు అక్షరాల్లో, బంగారు రంగు వేసి, 'ఈ సమాధి కట్టించినవారు: తమ్ముడు శ్రీ సామేలు, మాజీ వార్డు మెంబరు'.

రెండోసారి చదివాను. రాయి చుట్టూ తిరిగి వెనక కూడా చూశాను.

"మీ వదిన పేరేది?"

"వదిన డబ్బు పంపారండి" అన్నాడు, అందులో ఏ తప్పూ లేనట్టు. "కట్టించింది మేవే కదండీ. ఎండలో నించుని, మేస్త్రీలతో ఏగి, ఇసుక తోలించి. పంపిన వాళ్ళ పేరు కాదండి, కట్టించిన వాళ్ళ పేరే ఏత్తారు. గుళ్ళో ఫ్యానుల మీదా అంతేగా."

సొమ్మొకడిది, సోకొకడిది. సుమేరులో తిరిగినా, కల్దీయలో తిరిగినా, కాలవ గట్టున తిరిగినా ఒకటే ఇటుక. నాకు వెనకాముందూ తెలియలేదు. మీ వదిన అక్కడ జనం కప్పులు కడిగి ఈ రాయి కొందిరా, ఆ రాయి మీద ఎక్కి కూర్చున్నావు నువ్వు, సిగ్గులేదూ అని నోటికొచ్చినట్టు తిట్టాను. పొలంలో వాళ్ళు తలలెత్తి చూశారు. అతను నొచ్చుకున్నాడు. "పెద్దోరు కదాని ఊరుకుంటున్నాను" అని మోటారు సైకిలు ఎక్కి వెళ్ళిపోయాడు. తిరుగు దారి నేను నడిచే రావాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

సంచీ విప్పాను. మట్టి ఎండిపోయి, గోంగూర వేళ్ళు సన్నటి దారాల్లా చిక్కుకుని ఉన్నాయి. టైల్సు లేని చోటు తల దగ్గర జానెడు మాత్రమే వదిలారు. దాంట్లో వేస్తుంటే ఫోను మోగింది. మధ్యాహ్నం మామా పడుకునే వేళ.

"వెళ్ళేరా టీచరుగారూ? వేసేరా?"

"ఇప్పుడే వేస్తున్నాను."

"రాయి బాగుందా అండీ? నా పేరు వేసేరా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె వచ్చే ఏడు వస్తుంది, చదువుతుంది. చదివినప్పుడు పక్కన ఎవరుంటారు? అందుకని ఉన్నది ఉన్నట్టు చెప్పాను.



"రాయి ఆరిదైతే ఆరిదేలెండి" అంది. "మట్టి నాదేగా. మొత్తం వేసేయండి, ఏమీ ఉంచకండి. కాస్త సప్పుడయ్యేలా వెయ్యండి టీచరుగారూ, నేను వింటాను."

ఫోను రాతి మీద పెట్టి, సంచీ బోర్లించి, మిగిలినదంతా గుప్పిళ్ళతో వేశాను. ఒక్కో గుప్పెడూ వంగి, విడిగా, వినపడేలా వేశాను. అయిపోయాక ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను.

"విన్నానండి" అంది. "ఉంటాను మరి. మామా లేచింది."